మెటబాలోమిక్స్: నిజామాబాద్ పసుపు, బోధన్ చెరకు

ఒక జీవిలోనో, దాని ఆకు, దుంప, రసం వంటి ఏదో ఒక భాగంలోనో ఉన్న చిన్న అణువులన్నిటినీ వీలైనంత మేర ఒకేసారి గుర్తించి కొలిచే శాస్త్రం మెటబాలోమిక్స్. చక్కెరలు, ఆమ్లాలు, రంగులు, వాసన నూనెలు, చేదునిచ్చే పదార్థాలు అన్నీ జీవక్రియల్లో పుట్టే ఈ మెటబాలైట్ల కోవలోకే వస్తాయి. వీటి మొత్తాన్ని మెటబాలోమ్ అనడం 1998లో మొదలైంది. కానీ ఆ పని అంతకన్నా పాతది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో 1925లో భాస్వరాన్ని కొలిచే రంగు పరీక్షను రూపొందించారు. ఆ కొలత వల్లనే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ వారి కంట పడ్డాయి. ఒక్కో పదార్థానికి ఒక్కో పరీక్ష అవసరమైన కాలమది. ఇప్పుడు ఒకే నమూనా నుంచి వేల సంకేతాలు వస్తున్నాయి.

మొక్కలో మందు వెతికే పాత పద్ధతిలో కషాయం తీసి, దాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగం పనిచేస్తోందో పరీక్షించి, పనిచేసినదాన్ని మళ్ళీ విడదీసేవారు. ఏళ్ల తరబడి శ్రమపడ్డాక చేతికొచ్చింది అందరికీ తెలిసిన పదార్థమే కావడం పరిపాటి. మెటబాలోమిక్స్ ఈ వరసను తిరగేసింది. ముందు ఏమేమున్నాయో చూస్తారు, తెలిసినవాటిని పక్కన పెడతారు, మిగిలినవాటిలో పరీక్షకు తగినవాటిని ఎంచుకుంటారు.

ఒక్క అంకెతో నడిచిన పంటలు

ఈ శాస్త్రం దేనికి పనికొస్తుందో ఇందూరు (నిజామాబాద్) జిల్లా పంటలను చూస్తే బాగా తెలుస్తుంది. ఆర్మూర్, బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, వేల్పూర్ ప్రాంతాలు పసుపుకు పేరుపడ్డాయి. వానకాలం మొదట్లో విత్తిన పంటను తొమ్మిది నెలల తర్వాత తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టి, కొమ్ము, మండ వేరుచేసి నిజామాబాద్ యార్డుకు తెస్తారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ఇక్కడే ప్రారంభమైంది. బోధన్ వైపు కథ చెరకుది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు పారాక, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసింది. 2015 డిసెంబరులో అది మూతబడింది. చెరకు, వరి పరిశోధన కేంద్రం రుద్రూర్‌లో ఉంది.

పసుపు నాణ్యత గురించి మాట్లాడితే అందరూ అడిగేది కర్‌క్యుమిన్ ఎంత శాతం అనే. చెరకు ఫ్యాక్టరీ లెక్క అంతా రికవరీ శాతం మీద. సుక్రోజ్ కానిదంతా దాని దృష్టిలో మలినమే, సున్నమూ గంధకపు పొగా పెట్టి తొలగించాల్సిందే. వ్యాపారానికి ఈ ఒక్క అంకె సరిపోతుంది. మందు వెతికేవాడికి సరిపోదు, ఎందుకంటే వాడికి కావాల్సింది ఆ అంకెలో చేరకుండా మిగిలిపోయిన పదార్థాల్లో ఉండవచ్చు.

యంత్రం చెప్పేది, చెప్పలేనిది

నమూనాను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి పొడిచేసి, మిథనాల్ వంటి ద్రావకంతో సారం తీస్తారు. క్రొమటోగ్రఫీ గొట్టంలో పదార్థాలు ఒకదాని వెనుక ఒకటి వేరుపడతాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ వాటికి విద్యుదావేశం కలిగించి, బరువు తూచి, ముక్కలు చేసి, ఆ ముక్కలనూ తూస్తుంది. పసుపు సారంలో మూడు శిఖరాలు ఇట్టే కనిపిస్తాయి: 369, 339, 309. మొదటిది కర్‌క్యుమిన్, తర్వాతివి దాని చుట్టాలైన డీమిథాక్సీ కర్‌క్యుమిన్, బిస్‌డీమిథాక్సీ కర్‌క్యుమిన్. మిథాక్సీ గుంపు ఒక్కొక్కటి తగ్గినప్పుడల్లా 30 ప్రమాణాల బరువు పోయింది. విరిగిన ముక్కల్లో పోలిక ఉన్న అణువులను ఒక గుంపుగా కలిపి పటం గీసే పద్ధతి 2012లో వచ్చింది. పేరు తెలియని అణువు ఆ పటంలో ఎవరి పక్కన పడిందో చూసి దాని వంశాన్ని ఊహిస్తారు. ప్రపంచ పరిశోధకులు తమ వర్ణపటాలను పంచుకునే జీఎన్‌పీఎస్ వేదిక 2016 నుంచి ఈ పనికి తోడ్పడుతోంది.

అయితే బరువు తెలిసినంత మాత్రాన పదార్థం తెలిసినట్టు కాదు. చెరకులోని సుక్రోజ్, మొలకల్లోని మాల్టోజ్, పుట్టగొడుగుల్లోని ట్రెహలోజ్ మూడూ 342 బరువే, మూడింటి అణు సూత్రమూ ఒకటే. తేడా తేల్చాలంటే శుద్ధమైన ప్రామాణిక నమూనాను అదే యంత్రంలో పక్కపక్కన నడిపి చూడాలి, లేదా ఎన్ఎంఆర్‌తో నిర్మాణం రాబట్టాలి. మెటబాలోమిక్స్ ప్రమాణాల బృందం 2007లో గుర్తింపును నాలుగు స్థాయులుగా విడగొట్టింది ఇందుకే. పత్రికల్లో వచ్చే "వందల కొత్త పదార్థాలు దొరికాయి" వార్తల్లో చాలావరకు పై స్థాయికి చేరనివే.

గణాంకాల్లో ఇంకో చిక్కుంది. నమూనాలు పదుల్లో, కొలిచిన సంకేతాలు వేలల్లో ఉంటే, వాటిలో కొన్ని వట్టి యాదృచ్ఛికంగానే ఔషధ ప్రభావంతో ముడిపడినట్టు కనిపిస్తాయి. అందువల్ల అనుమానించిన పదార్థాన్ని విడదీసి, దాన్ని ఒంటరిగా మళ్ళీ పరీక్షించక తప్పదు. పాత పద్ధతి పూర్తిగా పోలేదన్నమాట.

పసుపు

కర్‌క్యుమిన్‌ను 1815లో వేరుచేశారు, నిర్మాణం 1910లో తేలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2005లో, మధుమేహం కలిగించిన ఎలుకల్లో పసుపు, కర్‌క్యుమిన్ శుక్లాన్ని ఆలస్యం చేశాయని ప్రచురించారు. ఎలుకల నుంచి మనుషుల దాకా ఉన్న దూరమే అసలు సమస్య. కర్‌క్యుమిన్ పేగులో సరిగా ఇంకదు, ఇంకిన కొద్దిపాటినీ కాలేయం త్వరగా మార్చేస్తుంది. మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఇస్తే రక్తంలోకి చేరే మొత్తం 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు ఇంకా గట్టిగా మాట్లాడారు. కర్‌క్యుమిన్ అనేక ప్రయోగశాల పరీక్షల్లో తప్పుడు సంకేతాలు ఇస్తుందనీ, నమ్మదగ్గ మానవ ప్రయోగాల్లో నెగ్గలేదనీ రాశారు.

ఈ విమర్శతో పసుపు కథ ముగిసిపోలేదు. చూపు మిగతా పదార్థాల మీదికి మళ్లింది. పసుపు వాసనకు మూలమైన టర్మెరోన్లు నూనెలో ఉంటాయి, కర్‌క్యుమిన్ శాతంలో వాటి ఊసే ఉండదు. వాటిలో ఒకటైన ఆర్-టర్మెరోన్ ఎలుకల మెదడులో నాడీ మూలకణాల వృద్ధిని పెంచిందని 2014లో జర్మనీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇదీ ఎలుకల దగ్గరే ఉంది. ఆవిరైపోయే గుణమున్న ఈ నూనెలో ఎంత మిగులుతుందన్నది కొమ్ములను ఎంతసేపు ఉడికించారు, ఎలా ఎండబెట్టారు, ఎన్నాళ్లు నిలవ ఉంచారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

చెరకు

చెరకులో ట్రైసిన్, ఎపిజెనిన్, లుటియోలిన్ వంటి ఫ్లేవనాయిడ్లు, క్లోరోజెనిక్ ఆమ్లాలు ఉన్నాయి. గానుగ ఆడిన రసం కాసేపటికే నల్లబడటానికి ఫినాల్ పదార్థాలు గాలిలోని ప్రాణవాయువుతో కలవడమే కారణం. గడ కణుపుల మీది తెల్లటి మైనం ఫ్యాక్టరీ ప్రెస్‌మడ్డిలో పేరుకుంటుంది. ఆ మైనం నుంచి తీసిన పోలికోసనాల్‌ను 1990ల్లో క్యూబా కొలెస్ట్రాల్ మందుగా తెచ్చింది. అక్కడి ప్రయోగాలన్నీ గొప్పగా ఉన్నాయి. 2006లో జర్మనీలో జరిగిన స్వతంత్ర ప్రయోగంలో అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదు. చెరకు పిప్పిలో, మడ్డిలో మందులున్నాయని చెప్పేవారు ముందుగా ఈ ఉదంతం చదవాలి.

హక్కులు, నమూనాలు

గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును సీఎస్ఐఆర్ సవాలు చేయగా 1997లో రద్దయింది. ఆనాడు గెలిపించింది పాత గ్రంథాల సాక్ష్యం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం మన జీవవనరులను వ్యాపారానికి వాడుకునేవారు ప్రయోజనంలో వాటా పంచాలి. ఆ వాటా ఏ ఊరిదో తేలాలంటే నమూనా ఎక్కడిదో రాసి ఉండాలి. నిజామాబాద్ యార్డుకు జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి కూడా సరుకు వస్తుంది. కాబట్టి "నిజామాబాద్ పసుపు" అని మాత్రమే రాసి, రకం, చేను, ఉడికించిన తీరు, నిలవ కాలం రాయని మెటబాలోమిక్స్ పత్రం ఆ పంట గురించి చెప్పేది తక్కువే.