గన్నవరం–శంషాబాద్ విమాన మార్గం

విజయవాడ సమీపంలోని గన్నవరం విమానాశ్రయాన్ని, హైదరాబాదుకు చెందిన శంషాబాద్ విమానాశ్రయాన్ని కలిపే దేశీయ మార్గం. సూటి దూరం సుమారు 264 కిలోమీటర్లు. ప్రయాణానికి టైంటేబుల్ ప్రకారం ఇంచుమించు గంట. చీరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి వాసులకు దగ్గరి విమానాశ్రయం గన్నవరమే.

గన్నవరం రన్‌వే రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక అవసరాలకు వాడినది. హైదరాబాదు పాత విమానాశ్రయం బేగంపేట కేంద్రంగా 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ నిజాం స్టేట్ రైల్వే, టాటాల ఉమ్మడి సంస్థ. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు గన్నవరానికి విమానాల రాకపోకలు నిలకడగా సాగలేదు.

మార్గానికి ఊపు తెచ్చింది కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ డెక్కన్. చవక టికెట్లతో చిన్న ఊళ్లకు విమానం నడపాలన్న ఆయన సాహసం మెచ్చుకోదగినదే గానీ, ఆరంభం మాత్రం కలిసిరాలేదు. 2003 సెప్టెంబరు 24న విజయవాడకు బయలుదేరాల్సిన తొలి ఏటీఆర్ విమానం ఇంజినుకు బేగంపేటలో నేల మీదే మంటలు అంటుకున్నాయి. అందులో అప్పటి బీజేపీ అధ్యక్షుడు ఎం. వెంకయ్యనాయుడు, పౌర విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ ఉన్నారు. అందరూ క్షేమంగా దిగారు. అంత జరిగినా సర్వీసు ఆగిపోలేదు.

2008 మార్చి 23న హైదరాబాదు విమానాలు శంషాబాద్‌కు మారాయి. మ్యాపు మీద గన్నవరానికి దూరం నాలుగైదు కిలోమీటర్లు తగ్గింది. నగరం నుంచి విమానాశ్రయానికి వెళ్లే దూరం మాత్రం బాగా పెరిగింది. 2014లో రాష్ట్రం విడిపోయి, 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం విజయవాడ దగ్గరి వెలగపూడికి వచ్చాక అధికారులు, నాయకులు, వ్యాపారుల రాకపోకలతో ఈ మార్గం రద్దీ అయింది. 2017 జనవరిలో గన్నవరంలో కొత్త టెర్మినల్ తెరిచారు. 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించి 2021 జులైలో వాడకంలోకి తెచ్చారు.

ఈ మార్గంలో తిరిగే ఏటీఆర్ 72 విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఆ లెక్కన అరగంట చాలాలి. అయితే టైంటేబుల్ లెక్క విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, అవతల మళ్లీ ఆగేదాకా సాగుతుంది. రన్‌వే దాకా విమానం నేల మీద సాగడం, వరసలో నిరీక్షణ, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోవే. ఇంత దగ్గరి మార్గంలో పూర్తి వేగంతో ఎగిరేది కాసేపే.

చీరాల నుంచి శంషాబాద్‌కు సూటి దూరం దాదాపు 260 కిలోమీటర్లు, అంటే గన్నవరం నుంచి ఉన్నంతే. చీరాల ప్రయాణికుడు ఈశాన్యంగా సూటిగా 90 కిలోమీటర్ల పైన ఉన్న గన్నవరం చేరి, అక్కడ విమానమెక్కి పడమటి వైపుకు తిరగాలి. బోర్డింగ్‌కు ముందు గడిపే సమయం, శంషాబాద్ నుంచి నగరంలోకి పట్టే సమయం కలుపుకుంటే, అద్దంకి–నార్కట్‌పల్లి దారిన కారులో పోవడంతో పోలిస్తే మిగిలేది తక్కువ. తెనాలివారికి ఈ లెక్క కొంత నయం.

గన్నవరం కన్నా దగ్గర్లోనే, చీరాలకు పడమరన కొరిశపాడు వద్ద జాతీయ రహదారి 16 మీద 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే ఉంది. 2022 డిసెంబరు 29న వాయుసేన విమానాలు రోడ్డుకు చక్రాలు ఆనించకుండా దాని మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి పరీక్షించాయి. ఇది యుద్ధం, విపత్తుల వేళకు ఉద్దేశించినది. ప్రయాణికుల విమానాలు ఇక్కడ దిగవు.