పొగబండి దారిలో పండగ పరుగు

నవంబరు నాలుగో గురువారం. థాంక్స్‌గివింగ్ పొద్దున కాలిఫోర్నియాలోని శాన్ రామన్ రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఆఫీసుల్లేవు, బడుల్లేవు. జనం కనబడేదల్లా ఐరన్ హార్స్ బాట మీదే. చెవులదాకా టోపీలు లాక్కుని, మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తుంటే ఇద్దరేసి, ముగ్గురేసి పరుగెత్తుతుంటారు. కొందరు చుట్టుపక్కల ఊళ్లలో జరిగే టర్కీ ట్రాట్ అనే పండగ పరుగు పందేలకు కారెక్కుతారు. కొందరికి ఈ బాటే పందెం.

వాళ్లలో తెలుగు మాటలు వినబడే జంట ఒకటైనా ఉంటుంది. ఒకరికి ముప్పై దాటి ఉంటాయి, ఇంకొకరికి అరవై అయిదు. ఇద్దరూ స్నేహితులే. "నువ్వు వెళ్లు బాబూ, నేను మెల్లగా వస్తా" అంటారు పెద్దాయన. "పర్లేదు అంకుల్, తొందరేముంది" అంటాడు కుర్రాడు. అర మైలు పోయాక మళ్లీ అదే మాట, అదే జవాబు.

ఆ మాట నిలబడటానికి కుర్రాడి మంచితనం ఒక్కటే కారణం కాదు. కాళ్ల కింది నేల కూడా కారణమే. శాన్ రామన్ చుట్టూ కొండలు. ఈశాన్యాన 3,849 అడుగుల మౌంట్ డయాబ్లో. పడమటి వైపు గుట్టలెక్కితే పాతికేళ్ల వాళ్లకే రొప్పు వస్తుంది. మధ్యలో ఈ ఒక్క బాట మాత్రం చాపలా పరుచుకుని ఉంటుంది. ఎందుకంటే ఇది మనుషుల కోసం వేసింది కాదు. 1891లో సదరన్ పసిఫిక్ కంపెనీ ఈ లోయలో రైలు పట్టాలు వేసింది. బరువు లాగే ఆవిరి ఇంజను నిట్టనిలువు ఎత్తుల్ని ఎక్కలేదు. అందుకని నేలను చదును చేసి, వాలు తగ్గించి, వంపులు సాగదీసి కట్టారు. మన పెద్దలు పొగబండి అన్నదాన్నే ఇక్కడివాళ్లు ఇనప గుర్రం అన్నారు. బాట పేరు అదే. ఇంజను కోసం చదును చేసిన నేల నూరేళ్ల తర్వాత ముసలి మోకాళ్లకు కలిసొచ్చింది.

ఊరి పేరు నిలబడింది కూడా రైలు వల్లే. క్రైస్తవ మిషన్ వాళ్ల గొర్రెలను ఇక్కడి వాగు పక్కన మేపిన రామన్ అనే కాపరి పేరు మొదట వాగుకు వచ్చిందనీ, 'శాన్' తర్వాత చేరిందనీ చెబుతారు. ఐర్లండ్ వాళ్లు ఎక్కువగా స్థిరపడటంతో కొంతకాలం ఈ చోటును లిమరిక్ అన్నారు. రైలొచ్చాక శాన్ రామన్ అనే పేరే స్థిరపడింది. ఆ రైలు పియర్ పళ్లు, వాల్‌నట్లు, ఎండుగడ్డి మోసింది. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న బిషప్ రాంచ్ ఒకప్పుడు పియర్ తోటలకు పేరుమోసింది. 1934 నాటికి ప్రయాణికుల బండి ఆగిపోయింది. 1978లో గూడ్సు కూడా ఆగింది. సరిగ్గా ఆ ఏడే ఒక నిర్మాణ సంస్థ బిషప్ రాంచ్ భూమిలో 585 ఎకరాలు కొన్నది. 1983లో శాన్ రామన్ నగరమైంది. ఖాళీ అయిన రైలు స్థలాన్ని ఏం చేయాలని ఏళ్ల తరబడి వాదనలు నడిచాక, 1986లో బాటలో మొదటి ముక్క తెరుచుకుంది. ఇవాళ అది ఉత్తరాన కాంకార్డ్ నుంచి దక్షిణాన ప్లెజంటన్ దాకా ముప్పై మైళ్లకు పైగా సాగుతుంది.

పండగ రోజు పరుగెత్తడం కూడా ఆ రైలు నాటి అలవాటే. ఇక్కడ పట్టాలు పడిన అయిదేళ్లకు, 1896 థాంక్స్‌గివింగ్ నాడు, దేశం ఆ కొసన బఫెలోలో వైఎంసీఏ వాళ్లు అయిదు మైళ్ల పందెం పెట్టారు. బరిలో దిగింది ఆరుగురు. బోస్టన్ మారథాన్ కంటే ఏడాది ముందు మొదలైన ఆ పందెం ఇంకా నడుస్తోంది. శాన్ ఫ్రాన్సిస్కోలో 'బే టు బ్రేకర్స్'గా పేరుపడ్డ పరుగు మొదటిసారి జరిగింది 1912 జనవరి 1న, కొత్త సంవత్సరం నాడు. 1906 భూకంపంతో కుంగిన ఊరికి ఊపిరి పోయాలని పెట్టారు దాన్ని. శాన్ రామన్‌కు అంత పాత పందెం లేదు. నగరమే నడిపే 'రన్ శాన్ రామన్'లో 5కె, 10కె ఉంటాయి. బడుల కోసం చందా పోగుచేసే పరుగు ఇంకొకటి.

వయసు సంగతి మాత్రం శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఒక పందెం ఎప్పుడో పట్టించుకుంది. మిల్ వ్యాలీ నుంచి స్టిన్సన్ బీచ్ దాకా కొండ దాటి వెళ్లే డిప్సీ పందెం 1905 నుంచీ ఉంది. మొదట్లోనే ఏడొందలకు దగ్గరగా మెట్లు. అక్కడ అందరూ ఒకేసారి బయల్దేరరు. మరీ పెద్దవాళ్లనూ మరీ చిన్నపిల్లలనూ ముందు వదులుతారు. మంచి వయసులో ఉన్నవాళ్లు ఇరవై అయిదు నిమిషాల దాకా ఆగి, తర్వాత వెంటపడాలి. 2005లో గెలిచిన రస్ కీర్నన్‌కు 67 ఏళ్లు. 2010లో గెలిచిన రైలీ జాన్సన్‌కు ఎనిమిదే. జాక్ కర్క్ అనే ఆయన 1930లో మొదలుపెట్టి 67 సార్లు, జరిగిన పందెం ఒక్కటీ వదలకుండా పరుగెత్తాడు. నూరేళ్లు బతికి 2007లో కన్నుమూశాడు. ఇంత న్యాయమైన పందెం ఇంకొకటి కనబడదు. కానీ డిప్సీలో పెద్దాయన ముందు వెళ్లిపోతాడు, కుర్రాడు వెనక తరుముతాడు. ఇద్దరూ పక్కపక్కన ఉండేది దాటిపోయే ఆ ఒక్క క్షణమే.

శాన్ రామన్ బాట మీద లెక్క వేరు. పక్కన పరుగెత్తడం ఒక పనితనం, చూసి నేర్చుకోవాల్సిందే. కుర్రాడు అరడుగు ముందుంటే చాలు, పెద్దాయన తెలియకుండానే దాన్ని అందుకోబోయి అలిసిపోతాడు. భుజం భుజం కలిసి ఉండాలి. అడుగు సాగదీయకూడదు, కుదించాలి. మాట తెగకూడదు. వాక్యం మధ్యలో పెద్దాయన ఊపిరి తీసుకుంటే వేగం తగ్గించాల్సిన వేళ అయిందన్నమాట. గడియారం కంటే ఆ గుర్తు నమ్మదగింది. ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే శక్తి ముప్పై దాటాక పదేళ్లకోసారి సుమారు 10 శాతం తగ్గుతుందనీ, వ్యాయామం మానని వాళ్లకు ఆ తరుగు తక్కువనీ శాస్త్రం చెబుతుంది. పెద్దాయన చెప్పేది ఇంకొకటి: రోజూ కలిసొచ్చేవాళ్లుంటే మానబుద్ధి కాదని.

ఆ అలవాటు చాలామంది వెంట తెచ్చుకున్నదే. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మానాన్నలు ఏ హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు మీదో ఏళ్ల తరబడి నడిచినవాళ్లు. అక్కడ పార్కు గేటు దగ్గరే పదిమంది స్నేహితులు దొరికేవారు. ఇక్కడ మొదటి వారమంతా ఇంట్లో కిటికీయే దిక్కు. ఎవరో ఒకరు బాట చూపిస్తారు. స్వెటరూ మంకీ క్యాపూ వేసుకుని నడక మొదలవుతుంది. నడక కొన్నాళ్లకు కొందరిలో పరుగవుతుంది.

1891 నుంచి 1909 దాకా శాన్ రామనే ఈ లైనుకు చివరి స్టేషన్. ఇంజన్ను చక్రం మీద పెట్టి తిప్పి ఉత్తరానికి పంపేవాళ్లు. ఆ చక్రమూ లేదు, స్టేషనూ లేదు. పక్క ఊరు డాన్‌విల్ స్టేషన్ మాత్రం మిగిలి, ఇప్పుడు ఈ లోయ చరిత్ర చూపే మ్యూజియం అయింది. పండగ పొద్దున ఆ జంట కూడా ఒకప్పుడు ఇంజను తిరిగిన చోటే ఎక్కడో ఆగి, వెనక్కి తిరుగుతుంది. వేసవిలో ఎండిపోయి పసుపచ్చగా ఉన్న కొండల మీద తొలకరికి మొలిచిన గడ్డి పచ్చగా కనబడుతుంటుంది. "ఇంకెంత దూరం బాబూ?" అంటారు పెద్దాయన. "వచ్చినంతే అంకుల్" అంటాడు కుర్రాడు, మళ్లీ భుజం కలిపి.