ఉప్పుగాలిలో ఇనుపగేట్లు

విశాఖలో మా ఇంటి ముందు ఒక ఇనుపగేటు ఉండేది. సముద్రం కంటికి కనిపించదు గాని, రాత్రి ఊరు సద్దుమణిగాక హోరు వినిపించేంత దూరంలో ఇల్లు. ఏటా సంక్రాంతికి ముందు నాన్నగారు గరుకు కాగితంతో తుప్పు గీకి, రెడాక్సైడు పూసి, దానిమీద ఆకుపచ్చ రంగు వేసేవారు. వానాకాలం వెళ్ళేసరికి మడతబందుల దగ్గర మళ్ళీ ఎర్రటి మరక తేలేది. "సముద్రం పక్కన ఇనుము మనకు అద్దెకు వచ్చినట్టే గాని సొంతం కాదురా" అనేవారాయన. ఉక్కు కోసం పోరాడి కర్మాగారం సాధించుకున్న ఊరు మాది. 1977 నుంచి 2012 దాకా జింకు తీసిన కర్మాగారం కూడా అక్కడే నడిచింది. అయినా మా వీధిలో జింకు పూత ఉన్న గేటు ఒక్కటీ చూసిన గుర్తు లేదు.

ఆ అలవాటు వల్లనేమో, ఏ తీరపు ఊరికి వెళ్ళినా నా చూపు ముందు గేట్లమీద పడుతుంది. అమెరికాలోని దక్షిణ కెరొలినా రాష్ట్రంలో చార్లెస్టన్ అనే పాత రేవుపట్టణం ఉంది. అక్కడ వీధి వెంట నడుస్తుంటే ఇళ్ళకన్న గేట్లే ఎక్కువగా పలకరిస్తాయి. వాటి కథ తెలుసుకుంటూ పోతే అది తుప్పు కథతో మొదలై, మనుషుల మధ్య భయం కథగా మారింది. ఆ రెండు కథలనూ కలిపి చెప్పడానికే ఈ వ్యాసం.

చార్లెస్టన్ 1670లో వెలసింది. పదేళ్ళకు, 1680లో, ఆష్లీ, కూపర్ అనే రెండు నదుల మధ్య ఉన్న ద్వీపకల్పంమీదికి మారింది. వరి, నీలిమందు, తరువాత పత్తి, వీటన్నిటి వెనుకా ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసల చాకిరీ, ఇవే ఆ ఊరి సంపదకు మూలం. అక్కడి ఇళ్ళ తీరు విచిత్రంగా ఉంటుంది. ఇల్లు వీధివైపు ముఖం పెట్టదు. సన్నటి పక్కభాగమే వీధికి కనిపిస్తుంది. పొడవాటి వసారా లోపలి తోటవైపు, సముద్రపు గాలి వచ్చే దిక్కుకు తిరిగి ఉంటుంది. ఇంటి పక్కనుంచి గుర్రబ్బండి లోపలికి వెళ్ళడానికి సన్నటి దారి, ఆ దారి మొదట్లో పెద్ద గేటు. నేడు ఆ దారిలోనే కార్లు వెళుతున్నాయి. గాలికోసం ఇంటిని తెరిచి ఉంచాలి, వీధినుంచి దాన్ని కాపాడుకోవాలి. ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీర్చేది కమ్మీల గేటు. గోడ గాలిని ఆపుతుంది, కమ్మీలు ఆపవు.

అయితే ఆ గాలిలోనే ఇనుముకు శత్రువు ఉంది. అలలు విరిగినప్పుడు లేచే తుంపర ఆరిపోయి సన్నటి ఉప్పురేణువులుగా గాలిలో తేలుతుంది. అవి ఇనుముమీద వాలతాయి. ఉప్పుకు తేమను పీల్చే గుణం ఉంది కనుక, వాన లేని రాత్రి కూడా ఆ లోహం మీద కంటికి కనబడని నీటిపొర నిలుస్తుంది. ఉప్పులోని క్లోరైడు తుప్పు గట్టిపడి రక్షణకవచంగా మారనివ్వదు. ఉత్తర కెరొలినా తీరంలో క్యూర్ బీచ్ అనే చోట 1930ల నుంచి లోహపు ముక్కలను ఎండకు, గాలికి వదిలి పరీక్షిస్తున్నారు. అలలకు 25 మీటర్ల దూరంలో ఉంచిన ఉక్కు, 250 మీటర్ల దూరంలో ఉంచిన ఉక్కుకన్న సుమారు పదింతలు వేగంగా తినుకుపోయిందని అక్కడ తేలింది. ఒకే ఊరిలో రెండు వీధుల మధ్య అంత తేడా ఉంటుంది. మా నాన్నగారి గేటు ఎందుకు ఓడిపోయిందో నాకు ఆ లెక్కతో అర్థమైంది.

మరి చార్లెస్టన్‌లో పందొమ్మిదవ శతాబ్దపు గేట్లు నేటికీ ఎలా నిలిచాయి? ఆనాటి చేత ఇనుము నేటి ఉక్కు వంటిది కాదు. కొలిమిలో కాచి, సుత్తితో సాగగొట్టిన ఆ ఇనుములో చిట్టెపు నారలు పోగుల్లా కలిసి ఉంటాయి. తుప్పు లోపలికి పోయే దారికి అవి అడ్డుపడతాయి. కమ్మరులు కమ్మీలను రివెట్లతో, పట్టీలతో బిగించేవారు, లేదా నిప్పులో అతికేవారు. గేటు కాళ్ళను రాతిలో తొలిచిన గుంటలలో నిలిపి కరిగించిన సీసం పోసేవారు. పెళ్ళలుగా ఉబ్బిన తుప్పు ఇనుముకన్న ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది గనుక, అది రాతిని సైతం పగలగొట్టగలదు. సీసం మెత్తనిది, ఆ ఒత్తిడిని కొంత ఓర్చుకుంటుంది. పైన ఏళ్ళ తరబడి పొరలు పొరలుగా రంగు. నలుపేమో అనిపించే ఒక ముదురు ఆకుపచ్చకు ఆ ఊరి పేరే పెట్టారు. అంతర్యుద్ధం తరువాత ప్రభుత్వం పంపిన నల్లరంగులో జనం కాస్త పచ్చరంగు కలుపుకున్నారని ఒక కథ. నిజమెంతో గాని, చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇక రెండవ కథ.

కింగ్ స్ట్రీట్‌లో మైల్స్ బ్రూటన్ అనే వర్తకుడు 1760ల చివర కట్టిన భవనం ఉంది. ఆయన వర్తకం బానిసలతో. ఆ ఇంటి గేటుమీద, కంచెమీద ఒక అడ్డకమ్మీ, దానినుంచి అన్ని వైపులకూ పొడుచుకొచ్చిన నిడుపాటి ఇనుప ముళ్ళు కనిపిస్తాయి. గుర్రపుదండును ఆపడానికి యుద్ధభూమిలో వాడిన సాధనం అది. ఫ్రెంచివారు దాన్ని షెవో ద ఫ్రీజ్ అన్నారు, ఫ్రీజియా గుర్రాలని అర్థం. గోల్కొండలో ఫతే దర్వాజా తలుపులకు కూడా ఇనుప ముళ్ళుంటాయి. అవి బయటినుంచి వచ్చే శత్రువు ఏనుగులకోసం. బ్రూటన్ ఇంటి ముళ్ళు ఎవరికోసం?

1822లో డెన్మార్క్ వెసీ అనే వడ్రంగి పేరు ఊరంతా మారుమోగింది. అతడు ఒకప్పుడు బానిస. లాటరీలో 1500 డాలర్లు గెలిచి, అందులో 600 యజమానికి చెల్లించి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నాడు. జూలై నెలలో బానిసలందరూ ఒక్క రాత్రి లేచి, ఆయుధాగారం పట్టుకుని, ఓడలెక్కి వెళ్ళిపోవాలని అతడు పథకం వేశాడని అభియోగం. కబురు ముందే పొక్కింది. ఒక్క దెబ్బ పడకముందే పట్టుబడ్డారు. వెసీతో కలిపి 35 మందిని ఉరితీశారు. అతడు సభ్యుడుగా ఉన్న ఆఫ్రికన్ మెథడిస్టు చర్చిని పడగొట్టారు. ఊరికి కావలిగా కొత్త ఆయుధాగారం మంజూరైంది. అదే తరువాత 1842లో సైనిక కళాశాలగా మారింది. ఆ భయపు రోజుల తరువాతనే బ్రూటన్ ఇంటి గేటుమీదికి ముళ్ళు ఎక్కాయి.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఆ ఊరి బానిసలు ఎక్కువమంది గేటు బయట ఉండేవారు కాదు. పెద్ద ఇంటి వెనుక, అదే ప్రహరీ లోపల, వంటింటిమీది గదులలో, గుర్రపుశాలల పక్కన నివసించేవారు. యజమాని బిడ్డలకు అన్నం పెట్టేది వారే, రాత్రి గేటుకు గడియ వేసేది కూడా వారే కావచ్చు. అంటే ఆ ముళ్ళు బయటివారిని ఆపినంతగా లోపలివారి నుంచి కాపాడలేవు. యజమానికి ఆ సంగతి తెలియదనుకోను. ఎవరి చేతి వంట తింటున్నాడో వారిని చూసి భయపడేవాడు ఎన్ని ముళ్ళు పెట్టుకున్నా నిద్రపోలేడు.

ఊరిలో పేరుపడ్డ ఇనుపపనివారు ఆ తరంలో జర్మనీనుంచి వచ్చిన ముగ్గురు: క్రిస్టఫర్ వెర్నర్, ఇయుస్టి, ఆర్ట్‌మన్. వెర్నర్ చేసిన కత్తుల గేటు లెగరె స్ట్రీట్‌లో ఇప్పటికీ ఉంది. 1838లో నగర కావలిభవనానికి గేట్ల జత కావాలన్నారట. ఆయన పొరపాటున ఒక జత ఎక్కువ చేశాడట. మిగిలిన జతే తరువాత ఈ ఇంటికి చేరిందని చెబుతారు. కావలిభవనమంటే, రాత్రి గంట మోగాక చీటీ లేకుండా తిరిగే నల్లవారిని పట్టి తెచ్చే చోటు. గేటులో కత్తి, ఈటె ఆకారాలు అందుకే వచ్చాయి. నేడు యాత్రికులు దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. వెర్నర్ కొలిమిలో టోబీ రిచర్డ్‌సన్ అనే నల్ల కమ్మరి గొప్ప పనివాడని వాడుకలో మిగిలింది. ఆయన సుత్తి ఏ గేటుమీద పడిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? మన కొలిమిలలోనూ ఇంతే. కోనసముద్రం ఉక్కు పేరు దేశాలు దాటింది, కాచినవాడి పేరు ఊరి పొలిమేర దాటలేదు.

ఈ మరుపును ఒక్క మనిషి జీవితం కొంత సరిదిద్దింది. ఫిలిప్ సిమన్స్ 1912లో ఊరికి ఎదురుగా ఉన్న డానియల్ ద్వీపంలో పుట్టాడు. పదమూడేళ్ళ వయసులో పీటర్ సిమన్స్ అనే ముసలి కమ్మరి దగ్గర పనికి చేరాడు. ఇంటిపేరు ఒకటే గాని బంధుత్వం లేదు. ఆ గురువు బానిసగా పుట్టినవాడు. అంటే ముళ్ళ గేట్ల కాలానికీ, ఈ బాలుడికీ మధ్య ఉన్నది ఒక్క మనిషే. మొదట లాడాలు, బండిచక్రాల పట్టాలు. మోటారుకార్లు వచ్చి ఆ పని తగ్గాక, 1938 ప్రాంతంలో ఆయన అలంకారపు గేట్లవైపు మళ్ళాడు. డెబ్బై ఏళ్ళ పనిలో ఐదు వందలకు పైగా గేట్లు, కంచెలు, వసారా కమ్మీలు ఆయన చేతిమీదుగా వెళ్ళాయి. ఈస్ట్ బే స్ట్రీట్‌లో గాడ్స్‌డెన్ ఇంటి గేటులో ఆయన ఒక గిలకపామును చుట్టాడు. స్వాతంత్ర్య యుద్ధంలో ఆ ఇంటిపేరుతో వెలసిన జెండామీది పాము అది. 1976లో వాషింగ్టన్‌లో జరిగిన జానపద ఉత్సవంలో, జనం చూస్తుండగా, చుక్కలూ చేపా ఉన్న గేటు చేశాడు. 1982లో జాతీయ వారసత్వ పురస్కారం తొలిసారి ఇచ్చినప్పుడు అందుకున్నవారిలో ఆయనా ఒకరు. 2009లో, తొంభై ఏడేళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన గేట్లలో కత్తులు లేవు. హృదయాకారాలు, కొంగలు, ఆకులు, తీగలు ఉన్నాయి. తన పూర్వులను బయటా లోపలా బంధించిన వస్తువునే తీసుకుని, చూసినవాడికి దగ్గరకు రావాలనిపించేలా ఆయన మార్చాడు. అయినా అవి గట్టి గేట్లే, గడియ పడితే తెరుచుకోవు.

నేడు ఆ ఊళ్ళో గేటు పెట్టించుకునేవారు ఏం చేస్తారో కూడా చెప్పుకోవాలి. 1931లోనే చార్లెస్టన్ పాతపేటను కాపాడే చట్టం చేసింది. అమెరికాలో అటువంటిది అదే మొదటిది. కనుక పాతపేటలో వీధికి కనబడే గేటు మార్చాలంటే నగర మండలి అనుమతి కావాలి. లోహం విషయంలో సుత్తిపని ఇనుము అరుదైపోయింది. ఎక్కువమంది మామూలు ఉక్కుతో చేయించి, పని అంతా పూర్తయ్యాక సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచుతారు. ఈ పద్ధతికి సొరెల్ అనే ఫ్రెంచివాడు 1837లో, అంటే కత్తుల గేటుకు ఒక్క ఏడాది ముందు, పేటెంటు తీసుకున్నాడు. జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ముంచడానికి ముందు గొట్టపు కమ్మీలకు గాలి, జింకు వెళ్ళే రంధ్రాలు తప్పక ఉండాలి. లేకపోతే లోపల చిక్కిన తేమ ఆవిరై గొట్టమే పేలవచ్చు. దానిమీద పౌడర్ కోటింగ్ వేస్తే రెండు కవచాలు. ముంచిన తరువాత వెల్డింగు చేస్తే ఆ చోట జింకు కాలిపోయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. చాలా గేట్లు చెడేది ఈ తొందరపాటువల్లనే.

అల్యూమినియం తేలిక, ఎర్రతుప్పు పట్టదు. కాని దానికి ఉక్కు మరలు బిగిస్తే, ఉప్పుతేమలో ఆ రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి, అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో నైలాన్ బిళ్ళ వేయాలి. మడతబందులు, మరలు మాలిబ్డినం కలిసిన 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువైతే మంచిది. పలకలతో మూసిన గేటు తుఫానులో తెరచాప అవుతుంది, స్తంభాన్నే పెకలిస్తుంది. 1989 సెప్టెంబరులో హ్యూగో తుఫాను ఆ ఊరికి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ మా ఊరికి గాలి బలం ఎంతో నేర్పాయి. చార్లెస్టన్‌లో చాలా భాగం పూడ్చిన ఉప్పుబురద నేల, పెద్ద పోటుకు వాన లేకున్నా వీధిలోకి నీరు వస్తుంది. అందుచేత గేటు మోటారును ఎత్తైన దిమ్మెమీద పెట్టాలి. కరెంటు పోతే చేత్తో తెరిచే ఏర్పాటు ఉండాలి, పిల్లలు అడ్డం వస్తే ఆగిపోయే కంటిపరికరం ఉండాలి. అన్నిటికన్నా చవకైన వైద్యం, నెలకొకసారి మంచినీళ్ళతో కడగడం. వాన తగలని చోటనే ఉప్పు పేరుకుంటుంది కనుక గేటు కిందివైపు మరచిపోకూడదు.

హ్యూగో తరువాత పాత ఇళ్ళు బాగుచేయడానికి చేతిపనివారు కరవయ్యారు. ఆ లోటునుంచే కట్టడపు కళలు నేర్పే ఒక కళాశాల పుట్టింది. 1802లో కట్టిన పాత జైలులో అది కొన్నేళ్ళు నడిచింది. తాళాలకోసం కట్టిన గోడల మధ్య పిల్లలు కొలిమి పని నేర్చుకున్నారన్నమాట. వెసీ పథకం తరువాత చెదిరిన ఆ చర్చి సమాజం మళ్ళీ లేచి, ఇమ్మానుయేలు పేరుతో నేటికీ ఉంది. 2015 జూన్ 17 రాత్రి బైబిలు పఠనానికి వచ్చిన ఒక అపరిచితుడిని వారు పక్కన కూర్చోబెట్టుకున్నారు. అతడు తొమ్మిదిమందిని కాల్చి చంపాడు. వారి భయానికి, బ్రూటన్ ఇంటివారి భయానికి ఎంత తేడా! వీరు భయపడడానికి నిజమైన కారణం ఉండీ తలుపు తెరిచారు. ఆ తరువాత కూడా తెరుస్తున్నారు.

గేటు పెట్టుకోవడం తప్పు కాదు. ఇల్లు, పిల్లలు ఉన్న ప్రతివాడికీ గడియ కావాలి. కాని ఇనుమును ఏ వేడిలో ముంచాలో అడిగినట్లే, ఈ గేటు ఎవరిని చూసి పెడుతున్నామో కూడా ఒకసారి అడగాలి. ఈసారి విశాఖ వెళ్ళినప్పుడు మా గేటు మార్చాలి. జింకు పూత తప్పక వేయిస్తాను. పైన మాత్రం బల్లెపు మొనలు వద్దని, తీగలు చుట్టమని కమ్మరికి చెబుతాను. అతని పేరు కూడా కిందిపట్టీమీద చిన్న అక్షరాలలో కొట్టించుకుంటాను.