ఐపీ పెట్టినవాడి అప్పుల పుస్తకం

మన బజారులో ఫలానావాడు ‘ఐపీ పెట్టాడు’ అన్నారంటే, అప్పిచ్చినవాళ్లు ఆ డబ్బుకు నీళ్లొదులుకోవాల్సిందే. ఐపీ పెట్టాక కూడా బాకీలన్నీ పేరుపేరునా రాసుకున్న మనిషి ఒకడు అమెరికాలో ఉండేవాడు. కెచప్ సీసా మీద ఇప్పటికీ కనబడే పేరు ఆయనదే, హెన్రీ జాన్ హైంజ్.

1869లో పిట్స్‌బర్గ్ పక్కనున్న షార్ప్స్‌బర్గ్‌లో నోబుల్ అనే మిత్రుడితో కలిసి ఆయన వ్యాపారం మొదలుపెట్టాడు. తొలి సరుకు హార్స్‌రాడిష్, ఆవపిండిలా ముక్కుకెక్కే దుంప తురుము. దాన్ని రంగు సీసాల్లో అమ్మే రోజులవి. లోపల చవక దుంపలు కలిపినా కంటికి ఆనవు. హైంజ్ మాత్రం తెల్లగాజు సీసాలో పెట్టి అమ్మాడు.

పేరొచ్చింది, చేతిలో డబ్బు నిలవలేదు. 1873లో అమెరికా బ్యాంకులు కుప్పకూలి రొక్కం కరువైంది. ఈలోగా ఇల్లినాయ్‌లోని వుడ్‌స్టాక్ రైతులతో ఒప్పందం కుదిరింది: పండిన ఊరగాయ దోసకాయలన్నీ బుషెల్ 60 సెంట్లకు కొనాలి. 1875లో దోస విరగకాసింది. బండ్లు వస్తూనే ఉన్నాయి, గల్లాపెట్టె ఖాళీ. పంట పోయి దివాలా తీసినవాళ్లను చూశాం గానీ, పంట పండి మునిగినవాడు ఈయనే కాబోలు! ఆ డిసెంబరులోనే కంపెనీ దివాలా తీసింది.

అప్పుడు తెరిచిందే ఆ చిన్న ఖాతా పుస్తకం. పేరు ‘నైతిక బాధ్యతలు’. అప్పులవాళ్ల పేర్లు, ఎదురుగా తానివ్వాల్సిన మొత్తాలు. చట్టం అడగకపోయినా తీరుస్తానని తనకు తాను రాసుకున్న ప్రోనోటు అది. ఇది ఉత్త ధర్మబుద్ధే అనుకోను. మళ్లీ సరుకు కొనాల్సిందీ, మళ్లీ అప్పు పుట్టాల్సిందీ ఆ మనుషుల దగ్గరే. లెక్క తెలిసినవాడికి మాట కూడా పెట్టుబడే.

1876లో తమ్ముడు జాన్, బంధువు ఫ్రెడరిక్ పేర్ల మీద ‘ఎఫ్ అండ్ జె హైంజ్’ పుట్టింది. దివాలా ముద్ర వదలని హెన్రీ యజమాని కాలేడు, అందుకే వాళ్ల దగ్గర జీతానికి కుదిరి కంపెనీ నడిపాడు. టొమాటో కెచప్ బయటికొచ్చింది ఆ ఏడాదే. వచ్చిన లాభంలోంచి పాత బాకీలు ఒక్కొక్కటే తీరుతూ వచ్చాయి. ‘హెచ్.జె.’ అన్న తన పొడి అక్షరాలు మాత్రం 1888లో గాని కంపెనీ బోర్డెక్కలేదు.