గొడ్డలికి నాలుగణాలు: రేకపల్లి తిరుగుబాటు, తెరకెక్కని పోరాట కళ

పరాయి పెత్తనం మీద తిరగబడ్డ కథను ఒంటి బలంతో చెప్పే సినిమాకు పెద్ద డబ్బు అక్కర్లేదు. 1972లో లో వెయ్ దర్శకత్వంలో హాంకాంగ్‌లో తయారైన ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ చాలావరకు స్టూడియో గోడల మధ్యే నడుస్తుంది. చైనీయులకూ కుక్కలకూ ప్రవేశం లేదని పార్కు గేటు దగ్గర వేలాడే చెక్క బోర్డును బ్రూస్ లీ ఎగిరి ఒక్క తన్నుతో ముక్కలు చేస్తాడు. షాంఘైలో సాగిన పరాయి పెత్తనమంతా ఆ చెక్కలోనే ఉంది. అది విరిగితే ప్రేక్షకుడికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

భద్రాచలం అడవి అంచున అంతటి బరువు మోసే వస్తువు గొడ్డలి.

శబరి ఒడ్డునున్న రేకపల్లి ప్రాంతం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్ ఏలుబడిలో ఉండేది. అక్కడ అడవి కొట్టి, కాల్చి పోడు సాగు చేసుకునే మనిషి గొడ్డలికి నాలుగణాలు కట్టేవాడు. ఆ గొడ్డలితో ఎంత కొట్టుకోగలిగితే అంత సాగు. అంటే పన్ను నేల మీద కాదు, చేతిలోని పనిముట్టు మీద. తర్వాత ఆ సీమ మద్రాసు ప్రెసిడెన్సీ చేతికి పోయింది. పోడు శిస్తు దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లో అసలు కొట్టనే కూడదన్నారు. 1879లో పొరుగునున్న రంప సీమలో అక్కడి ఏలిక మన్సబ్‌దారు దోపిడీ, కల్లు మీద చిగురుపన్ను జనాన్ని రేపితే, రేకపల్లిలో రేపింది పోడు. అక్కడ తిరగబడ్డ అంబుల్ రెడ్డి మనుషులు వడ్డిగూడెం మీద పడ్డారు.

మన సినిమా ఈ గొడ్డలిని చూడలేదు, నాయకుణ్ణే చూసింది. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అల్లాణి శ్రీధర్ చిన్న వనరులతో తీసిన ‘కొమరం భీం’ 1990లో పూర్తయినా థియేటర్‌కు చేరడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఇరవై ఏళ్ల ఆలస్యం మన పరిశ్రమకు మచ్చ అనే నేనంటాను.

నా వాదన పోరాటాలను తెర మీద తీర్చిదిద్దే పద్ధతి గురించి. యుద్ధకళల సినిమాకు ఎదురెదురు కలబడటం కావాలి. మన్యం పోరు అలా సాగలేదు. 1922 ఆగస్టు 22 నుంచి 24 దాకా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను అల్లూరి సీతారామరాజు దళం కొట్టింది. కావలసింది తుపాకులు, దొరికాయి, వెళ్లిపోయారు. ఆ సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు ఇంగ్లీషు అధికారులు కాపు కాసిన దళం చేతిలో చచ్చారు. ఇక్కడ విద్య అంటే దారి తెలియడం, కదలకుండా కూర్చోవడం.

ఇక గొడ్డలి విద్య పనిలోనే ఉంది. పోడులో ముందు చెట్లు కొడతారు, ఎండనిస్తారు, కాలుస్తారు, తొలకరికి విత్తుతారు. వాలులో కాలు జారకుండా నిలదొక్కుకోవడం, నడుము నుంచి దెబ్బ తీయడం, మాను ఎటు ఒరుగుతుందో ముందే పసిగట్టి పక్కకు తప్పుకోవడం. ఫైట్ మాస్టర్ కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు, వాళ్లు చేసేది చూసి కెమెరా పెడితే చాలు.

రేకపల్లి ఉన్న వరరామచంద్రపురం మండలం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. అది పోలవరం ప్రాజెక్టు ముంపు మండలం. ఈ కథ తీయదలచిన వాళ్లెవరైనా ఉంటే, ఆ ఒడ్డు నీళ్లలో కలవకముందే రండి.