నొసటి వ్రాత, కార్డు మీది వ్రాత

అమెరికా సంయుక్తరాష్ట్రములలో, దక్షిణపు కొసన లూసియానా అను రాష్ట్రము కలదు. అచ్చట ఒక వ్యక్తి తన గుర్తింపు కార్డు మీద నారింజరంగు పెద్దక్షరములతో అచ్చువేసియున్న రెండు మాటలను గీకివేసి, ఆ జాడ కనబడకుండ పైన పారదర్శకమైన అంటుపట్టీ నంటించెను. ఆ మాటలకు తెలుగున ‘లైంగిక నేరస్థుడు’ అని అర్థము. కోర్టు వేసిన శిక్ష నతడు అంతకుముందే అనుభవించి బయటకు వచ్చియుండెను. కార్డును మార్చుట మరియొక నేరమైనది. ఋజువైనచో రెండేండ్లకు తక్కువ గాకుండ పదేండ్ల వరకు కఠిన కారాగారము. ఆ చిన్న అంటుపట్టీ ముక్క రాష్ట్రపు సుప్రీంకోర్టు వరకు పోయినది.

నేరస్థుని మీద నేరము పేరు వ్రాయుట క్రొత్త యూహ కాదు. ఇంగ్లండులో 1489 నాటి శాసనము, ఒకమారు కనికరించి విడిచిన హంతకుని బొటనవ్రేలి మీద ఎమ్ అను అక్షరమును, దొంగకు టి అను అక్షరమును కాల్చి వాతవేయించెను. ఆ కనికరము రెండవమారు దొరకకుండుటకే ఆ గుర్తు. ఫ్రాన్సులో భుజము మీద వాతవేయు ఆచారమును 1832లో ఎత్తివేసిరి గాని, విడుదలైన ఖైదీకి పసుపుపచ్చని ప్రయాణపత్రము మిగిలెను. విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన నవలలో జీన్ వాల్జీన్‌కు సత్రములో తిండి దొరకకుండ చేసినది ఆ పసుపు కాగితమే. ఆ కథనే 1950లో నాగయ్యగారు ‘బీదలపాట్లు’ చిత్రముగా తెలుగువారి ముందు నిలిపిరి.

మన దేశము సంగతి యింకను దగ్గరిది. కంపెనీవారి కాలమున, బంగాళమునందును చెన్నరాజధానియందును, యావజ్జీవ ఖైదీల నొసట వారి పేరును, నేరమును, శిక్ష తేదీని దేశభాషలో పచ్చబొట్టు పొడిపించుచుండిరి. గోద్నా అని దానికి పేరు. నొసటి వ్రాతను బ్రహ్మ వ్రాయునని మనవారందురు. అక్కడ వ్రాసినది జిల్లా అధికారి. పచ్చబొట్టు కనబడకుండ కొందరు తలపాగాను కనుబొమల దాక దించి చుట్టుకొనుచుండిరి. 1849లో ఆ పద్ధతిని చట్టము చేసి మాన్పించిరి. అటుపిమ్మట నేరజాతుల చట్టమను పేర కులములకు కులములనే పట్టికలకెక్కించిరి. గుంటూరు సీమలోని స్టువర్టుపురపు టెఱుకలవారు పొరుగూరికి పోవలెనన్నను చీటి చేతబట్టుకొని పోవలసివచ్చెను. ఆ చట్టము దేశమంతటను రద్దగుటకు 1952 దాక పట్టినది. పుట్టుకను నేరముగా ఎంచిన ఆ చట్టమును, చేసిన నేరమునకు వేసిన గుర్తును ఒక్క తక్కెడలో తూచరాదు. అయినను చీటి చూపించువాని ముఖము మాత్రము రెంటను ఒక్కటే.

అమెరికాలో లైంగిక నేరస్థుల పేళ్లను నమోదు చేయు పద్ధతిని రాష్ట్రమంతటను 1947లో మొట్టమొదట పెట్టినది కాలిఫోర్నియా. చాలకాల మది పోలీసుల పుస్తకముగానే యుండెను. 1994లో న్యూజెర్సీలో ఏడేండ్ల బాలికను ఎదురింటనే యుండు ఒకడు చెఱచి చంపెను. అతడు అంతకుముందే అట్టి నేరములకు శిక్షపడినవాడని ఆ వీథివారికి తెలియదు. తెలిసియున్నచో మా బిడ్డ బ్రతికియుండెడిదని తల్లిదండ్రులు మొఱపెట్టుకొనిరి. ఆ దుఃఖము నుండి పుట్టినది మెగన్ చట్టము. 1996లో దేశమంతటికిని వర్తించినది. ఆ తల్లిదండ్రుల ముందు నిలిచి, నేరస్థుని మానము కూడ కాపాడవలెనని చెప్పుట ఎవరికిని సులభము కాదు, మాకును కాదు. నమోదు శిక్ష కాదు, ప్రజలకు తెలుపుట మాత్రమేయని 2003లో అమెరికా సుప్రీంకోర్టు కూడ తీర్మానించెను.

అయితే పట్టికలో పేరుండుట వేఱు, జేబులోని కార్డు మీద నుండుట వేఱు. పట్టికను కావలసినవారు వెదకి చూతురు. కార్డును కాని, ఎవరు అడిగినను ఆ మనిషియే తీసి చూపవలెను: బ్యాంకు గుమాస్తాకు, హోటలులో గది యిచ్చువానికి, దుకాణదారునికి. ఫ్లోరిడా రాష్ట్రమువారు అట్టివారి లైసెన్సు మీద 943.0435 అను సెక్షను సంఖ్యను మాత్రము వేసిరి. డెలావేరులో వై అను ఒక్క అక్షరము. పోలీసునకు అర్థమగును, కూరగాయల కొట్టువానికి అక్కఱలేదు. లూసియానా 2006లో చేసిన చట్టము మాత్రము మాటలనే ఎంచుకొనెను. అలబామా ఎఱ్ఱని అక్షరములలో ఇంకొక మాట కలిపి, ‘నేరస్థుడైన లైంగిక దోషి’ అన్నంత పని చేసెను.

ఇక్కడ మఱియొక అంటుపట్టీ కథ చెప్పక తప్పదు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు మోటారు కార్ల సంఖ్యాఫలకముల మీద ‘స్వేచ్ఛగా బ్రతుకు, లేదా చావు’ అను ధ్యేయవాక్యము ఉండును. తన మతవిశ్వాసమునకు అది విరుద్ధమని జార్జి మేనార్డ్ అను నతడు దానిపై పట్టీ వేసి, పదునైదు దినములు జైలునందుండెను. 1977లో సుప్రీంకోర్టు అతని పక్షము పలికెను. ప్రభుత్వము తన మాటను పౌరుని వస్తువు మీద మోయించి, అతనినే చాటింపువాని చేయరాదన్నది దాని సారాంశము.

నలువది యేండ్ల పిమ్మట ఆ తీర్పే ఈ కార్డులకు అక్కఱకు వచ్చినది. 2019 ఫిబ్రవరిలో అలబామాలోని కేంద్రన్యాయస్థానము అక్కడి ఎఱ్ఱ అక్షరములను చెల్లవనెను. 2020 అక్టోబరులో లూసియానా సుప్రీంకోర్టు కూడ అట్లే తీర్పుచెప్పి, ఆ మనిషిపై అభియోగమును నిలువనీయలేదు. ప్రజారక్షణ గొప్ప ప్రయోజనమేయని న్యాయమూర్తు లొప్పుకొనిరి. దానికి ఒక చిన్న గుర్తు చాలునుగదా అనిరి. లూసియానా ప్రభుత్వము పైకోర్టుకు పోగా, 2021లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును విచారణకు స్వీకరింపలేదు.

మాకు మిక్కిలి బలముగా తోచిన సంగతి ఇంకొకటి. బిడ్డల నిట్లు బాధించువారిలో మిక్కిలి భాగము ఇంటికి ఎఱిగినవారే, చుట్టములే, పొరుగువారే. మన దేశపు పోలీసు లెక్కలును అదే చెప్పుచున్నవి. మేనమామను గాని, పాఠము చెప్పుటకు వచ్చినవానిని గాని గుమ్మములో నిలిపి కార్డు చూపుమని అడుగు ఇల్లాలు ఏ దేశమునను కానరాదు. మన ప్రభుత్వము 2018 సెప్టెంబరులో లైంగిక నేరస్థుల జాతీయ పట్టికను ఆరంభించెను. దానిని పోలీసు, దర్యాప్తు శాఖలవారే చూడవచ్చును. ప్రజలకు తెఱువలేదు, ఏ కార్డు మీదను గుర్తు వేయలేదు.

అమెరికాలో అక్షరములు పూర్తిగ తొలగలేదు. 2016లో చేసిన మఱియొక చట్టము ననుసరించి, పిల్లల యెడ ఇట్టి నేరము చేసి, నమోదు బాధ్యతయందున్నవాని పాస్‌పోర్టులోపల అతడు శిక్షపడినవాడని ఒక పూర్తి వాక్యమే అచ్చువేయుచున్నారు. పాస్‌పోర్టునకు బదులు వాడు చిన్న కార్డును వారికి ఇచ్చుట లేదు. ఆ వాక్యము పట్టుటకు దానిమీద చోటు లేదు.