అండమానుకు ముందు

నందికొట్కూరు నుంచి కోయిలకుంట్ల దాకా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ తెలియని ఊరు లేదు. నెలకు పదకొండు రూపాయల చిల్లర భరణం దగ్గర మొదలైన గొడవ 1846 జూలైలో ఈస్టిండియా కంపెనీ మీద తిరుగుబాటు అయింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను ఇనుప బోనులో పెట్టి 1877 దాకా కోట మీద వేలాడదీశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కథ ఎవరు చెప్పినా చివర్లో ఒక మాట వస్తుంది: మిగిలినవాళ్లను అండమానుకు తోలేశారని. ఔకు రాజు తమ్ముడు కూడా అలా పోయినవాడేనంటారు.

చిక్కు ఆ మాట దగ్గరే ఉంది. 1847లో అండమానులో జైలూ లేదు, ఖైదీలూ లేరు. కంపెనీ వాళ్లు 1789లో అక్కడొక స్థావరం పెట్టారు గానీ, జ్వరాలకు జనం రాలిపోతుంటే 1796లో మూసేసి, ఖైదీలను పినాంగుకు తరలించారు. మళ్లీ తెరిచింది సిపాయిల తిరుగుబాటు తర్వాత, 1858 మార్చిలో. అంటే నరసింహారెడ్డి మనుషుల్లో ద్వీపాంతరం పోయినవాళ్లు ఎవరున్నా, వాళ్లు దిగిన రేవు మరొకటి.

ఈ ద్వీపాంతర శిక్ష మన నేల మీద పుట్టింది కాదు. నేరస్తులను సముద్రం దాటించి పనికి పెట్టే పద్ధతికి ఇంగ్లాండు 1717లో చట్టం చేసింది. అప్పట్లో వాళ్లను అమెరికా తోటలకు పంపేవారు. 1775లో అమెరికా ఎదురు తిరగడంతో ఆ దారి మూసుకుపోయింది. 1788 జనవరిలో ఆస్ట్రేలియా తీరాన ఖైదీల ఓడలు దిగాయి. ఐర్లాండు నుంచి నేరుగా వెళ్లిన మొదటి ఓడ ‘క్వీన్’, 1791లో కార్క్ రేవు నుంచి బయలుదేరింది. న్యూ సౌత్ వేల్స్‌కు, టాస్మేనియాకు కలిపి దాదాపు 40 వేల మంది ఐరిష్ ఖైదీలు వెళ్లారని లెక్క. అందరూ తిరుగుబాటుదారులు కారు. గొర్రెను దొంగిలించినవాళ్లు, బట్టలు ఎత్తుకుపోయినవాళ్లే ఎక్కువ. మన దగ్గర కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగిన 1846లోనే ఐర్లాండులో బంగాళాదుంప పంట తెగులు తగిలి కుళ్లిపోయింది. ఆకలికి తిండి దొంగిలించినవాడు కూడా ఓడెక్కాడు.

రెండు దేశాల కథలోనూ కనిపించే దొర ఒకాయన ఉన్నాడు. అండమానులో 1789 స్థావరం పెట్టినప్పుడు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్. 1798లో ఐర్లాండు తిరుగుబాటును అణచడానికి పాలకుడిగా వెళ్లిందీ ఆయనే. ఏలేవాళ్లకు ఊళ్లు మారాయి, పద్ధతి మారలేదు.

కంపెనీ ఈ దేశపు ఖైదీలను మొదట సుమత్రా దీవిలోని బెంకూలెన్‌కు పంపింది, 1787లో. అక్కడ మిరియాల తోటలున్నాయి, పనిచేసేవాళ్లు లేరు. శిక్ష వెనకున్న అసలు అవసరం ఇదే. కోర్టు తీర్పులో భయపెట్టడం గురించి ఎంత రాసినా, రేవు పట్టణానికి కావలసింది చేతులు. 1824లో బెంకూలెన్‌ను డచ్చివాళ్లకు ఇచ్చేశాక అక్కడి ఖైదీలను సింగపూరుకు మార్చారు. 1825 ఏప్రిల్‌లో అక్కడ దిగిన మొదటి జట్టు 80 మంది. అందరూ మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లే.

నరసింహారెడ్డి నాటి మన జిల్లాల పరిస్థితి కూడా గుర్తుంచుకోవాలి. నందికొట్కూరు 1839 దాకా కర్నూలు నవాబు ఏలుబడిలో ఉంది. ఆ ఏడు నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు దాచాడని నెపం పెట్టి కంపెనీ ఆయన్ను తిరుచిరాపల్లికి పంపి, రాజ్యం కలిపేసుకుంది. కోయిలకుంట్ల అప్పటికి కడప జిల్లాలో ఉండేది. నరసింహారెడ్డిని వేటాడిన కలెక్టరు కాక్రేన్ కూడా కడప దొరే. తిరుగుబాటు కేసులో 112 మందికి 5 నుంచి 14 ఏళ్ల దాకా శిక్షలు పడ్డాయని చరిత్రకారులు చెబుతారు. దేశంలో ఇంకా రైలే లేని కాలం. ద్వీపాంతరం పడినవాడు కాళ్లకు సంకెళ్లతో మద్రాసు దాకా నడవాల్సిందే. అక్కణ్నుంచి ఓడ మలయా వైపో, బర్మా తీరంలోని తెనసెరీం వైపో పోయేది. 1849 దాకా యావజ్జీవం పడినవాడి నుదుటి మీద పేరు, నేరం, తీర్పు తేదీ పచ్చబొట్టుగా పొడిచే ఆచారం కూడా ఉండేది. పారిపోయినా మొహమే పట్టిస్తుంది.

సింగపూరులో ఖైదీలను ఆరు తరగతులుగా విడదీశారు. కొత్తగా వచ్చినవాడికి ఇనుప సంకెళ్లు. నడవడి బాగుంటే అవి ఊడదీసి రోడ్డు పనికో, రాళ్లు కొట్టడానికో పంపేవారు. ఇంకా పైకొస్తే నడుముకు బెల్టు కట్టి తోటి ఖైదీల మీదే మేస్త్రీని చేసేవారు. తెల్ల జైలర్లకు జీతాలిచ్చే ఖర్చు కంపెనీకి అలా మిగిలింది. పై తరగతివాడికి ‘టికెట్ ఆఫ్ లీవ్’ ఇచ్చి బయట బతకనిచ్చేవారు. ఐరిష్‌వాళ్లకు ఆస్ట్రేలియాలో ఇచ్చిందీ ఈ పేరున్న కాగితమే. అడవి కొట్టడం, చిత్తడి నేల పూడ్చడం, ఇటుకలు కాల్చడం, చివరికి తాము ఉండే జైలు కట్టడం కూడా ఖైదీల పనే.

సింగపూరు నడిబొడ్డున తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ చర్చిని చూడండి. 1856లో పునాది వేసి 1861కి పూర్తిచేశారు. కూలీలందరూ ఖైదీలే. లోపలి గోడల గచ్చుకు మద్రాసు సున్నం వాడారు. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి ముద్ద చేసి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి మెదిపారు. పూసి ఆరాక రాయితో నున్నగా రుద్దారు. మన వైపు పాత మిద్దెలకు బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గానుగ సున్నం పట్టించినవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. చర్చి ప్లాను గీసిన మేక్‌ఫర్సన్ దొర పేరు అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. రాయి పట్టి రుద్దినవాడి పేరు లేదు.

ఐరిష్‌వాళ్ల సంగతి ఈ విషయంలో వేరుగా నడిచింది. ఐర్లాండులో 1848 తిరుగుబాటుకు ఉరి పడిన విలియం స్మిత్ ఓబ్రయన్‌కు శిక్ష తగ్గించి టాస్మేనియాకు పంపారు. కొన్నేళ్లకు క్షమాభిక్ష దొరికి ఇంటికి తిరిగొచ్చాడు. ఆయనతో పాటు శిక్షపడిన మేహర్ 1852లో తప్పించుకుని అమెరికా చేరి, మాంటానా ప్రాంతానికి తాత్కాలిక గవర్నర్ అయ్యాడు. వాళ్లు ఉత్తరాలు రాశారు, పుస్తకాలు అచ్చువేశారు. 1848కి ఏడాది ముందు ఇదే నేరానికి నరసింహారెడ్డిని మాత్రం ఉరి తీసేశారు. సింగపూరులో మనవాళ్లు శిక్ష తీరాక బండ్లు తోలారు, ఆవుల్ని సాకి పాలమ్మారు. చాలామంది అక్కడే కాపురాలు పెట్టి ఆ ఊళ్లో కలిసిపోయారు.

1873లో సింగపూరు ఖైదీల శాఖను ఎత్తేశారు. ఇక ద్వీపాంతరం అంటే అండమానే. తర్వాత రంప తిరుగుబాటుదారులూ అటే పోయారు. 1906కి అక్కడ సెల్యులార్ జైలు పూర్తయింది. ఆ జైలు పేరు ఎంత గట్టిగా నాటుకుందంటే, అంతకు ముందు ఓడెక్కినవాళ్లందరినీ మనం దాని గోడల మధ్యకే తోసేశాం.

ఆస్ట్రేలియాకు ఆఖరి ఖైదీల ఓడ 1868లో చేరింది. అందులో 62 మంది ఐరిష్ ఫీనియన్లున్నారు. మన శిక్షాస్మృతిలో మాత్రం ‘యావజ్జీవ ద్వీపాంతరవాసం’ స్వాతంత్ర్యం వచ్చాక కూడా అలాగే ఉండిపోయింది. 1955లో చట్టం సవరించి దాన్ని యావజ్జీవ ఖైదుగా మార్చారు. 1956 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.